చిలకలగూడ గోడ మీది పాచి

లోవలక్ష్మికి పాచి అంటే అసహ్యం లేదు. మిగతా లోకంలో చాలా వాటంటే ఉంది.

ఆమె పనిచేసే కాలేజీ వరండాలో ఆ ఏడు కొత్తగా కార్పెట్ పరిచారు. దాని అడుగున పూసిన జిగురు వాసన తెలియకుండా పొద్దునా సాయంత్రం మల్లెపూల స్ప్రే కొట్టేవాళ్లు. ఆ రెండూ కలిసి గొంతులో తియ్యగా అడ్డం పడేవి. చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆ ఇరవై అడుగులూ దాటేది. నమిలిన చూయింగ్ గమ్‌ని బల్లల కింద అంటించే వాళ్లని చూస్తే ఆ పూట అన్నం సయించేది కాదు. బస్సులో పక్కసీటాయన సెల్‌ఫోన్లో "ఆన్‌సైట్, ఆన్‌సైట్" అని ఆ మాటని చప్పరిస్తుంటే మొహం కిటికీ వైపు తిప్పేసుకునేది. ఆ రోజుల్లో సికిందరాబాదులో ఎవరింటికెళ్లినా అదే మాట. కాఫీ ఇచ్చేముందు "మీవాళ్లెవరైనా సాఫ్ట్‌వేరా అండీ?" అని అడిగేవాళ్లు. కాదంటే కాఫీలో పంచదార తగ్గేదని ఆమె అనుమానం.

ఇంత తేలిగ్గా కడుపులో తిప్పే మనిషి పదకొండేళ్లుగా చేస్తున్న ఉద్యోగం, ఊరి మురికిని సీసాల్లో పెంచడం.

ఆమెది తుని దగ్గర పల్లె. తలుపులమ్మ లోవలో మొక్కుకున్నాక పుట్టిందని ఆ పేరు. వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివి, రైల్వేలో గూడ్స్ గార్డు జోగారావుని పెళ్లి చేసుకుని, చిలకలగూడలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టింది. కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరింది. అక్కడ వెనక గదిలో, ట్యూబ్‌లైట్ల కింద ఇనప అరల్లో, దూది బిరడాలు పెట్టిన నూట పన్నెండు గాజు సీసాలు ఆమె అజమాయిషీలో ఉండేవి. ఒక దాంట్లో మోండా మార్కెట్లో చేపలు కడిగిన నీళ్లు పారే కాలవ. ఇంకో దాంట్లో స్టేషన్లో రైలు డబ్బాలకి నీళ్లు పట్టే పంపు కింద రాయి. ఇంకో దాంట్లో అల్వాల్ చెరువు. నెలకోసారి ప్రతి సీసాలోంచీ కొంచెం తీసి కొత్త నీళ్లలో వెయ్యాలి. మరిచిపోతే చచ్చిపోతాయి.

"ఉప్మా మూకుడు కన్నా ఆ సీసాలే ఎక్కువ సార్లు కడుగుతావు" అనేవాడు జోగారావు.

"ఉప్మాలో కొత్త జాతి దొరికితే అదీ కడుగుతాను" అనేది.

పేరుకి పాచి గానీ అవి బ్యాక్టీరియా. మొక్కల్లాగా ఎండతో బతికే బ్యాక్టీరియా. పుస్తకాల్లో సయనోబ్యాక్టీరియా అంటారు. ఏది ఏ జాతిదో విడదియ్యడానికి వందేళ్లకు పైగా కళ్లనే నమ్ముకున్నారు. దారంలా ఉందా, పూసల దండలా ఉందా, కొమ్మ వేస్తుందా, చుట్టూ గొట్టం లాంటి తొడుగు ఉందా, మధ్యమధ్యలో గాలిలోని నత్రజనిని పట్టుకునే దళసరి గోడల కణాలున్నాయా అని చూసేవాళ్లు. కానీ పాచిని రూపంతో పట్టుకోవడం కష్టం. ఎండలో ఒకలా ఉంటుంది, నీడలో ఇంకోలా ఉంటుంది. ఏ చుట్టరికమూ లేనివి రెండు అచ్చం అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. అందుకని జన్యువుని కూడా చదివించి చూడడం మొదలైంది. రూపం ఒక సాక్షి, జన్యువు ఇంకో సాక్షి. ఇద్దరూ ఒకే మాట చెబితే పేరు పెట్టొచ్చు. చెప్పకపోతే ఇద్దర్నీ మళ్లీ పిలిచి అడగాలి. లోవలక్ష్మికి ఈ పద్ధతి నచ్చింది. మనుషుల విషయంలో ఎవరూ ఇంత ఓపిక పట్టరు కదా అనుకునేది.

ముప్పై ఏడో సీసాలోది మాత్రం వాళ్లింటి వెనకే దొరికింది. ఇంటామె బాలమ్మ డాబా మీద నీళ్ల ట్యాంకు ఎన్నేళ్ల నుంచో కారుతోంది. ఆ తడికి వెనక గోడ నల్లగా, ముఖమల్ గుడ్డ కప్పినట్టు ఉండేది. ఒక ఆదివారం లోవలక్ష్మి పాత బ్లేడు పెట్టి దాన్ని గీకుతుంటే బాలమ్మ చూసింది.

"ఏందమ్మా లచ్చిమి, గోడ గీకుతున్నవ్? సున్నమేస్తవా ఏంది?"

"లేదండీ, కాలేజీకి పట్టుకెళ్తాను."

"ఛీ! గా పాచినా? ఎవరన్న జారి పడ్తరని నేను పరేషాన్ అయితుంటే నువ్వు డబ్బీల వెట్టుకుంటున్నవ్. పానం మంచిగనే ఉన్నది గద?"

"ఇలాంటిది నేనెక్కడా చూళ్లేదు బాలమ్మగారూ."

"నేను దినాం చూస్తున్న. కావాల్నంటే మొత్తం తీస్కపో. నీకు పుణ్యముంటది."

సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ నల్లముద్ద తేనెరంగు గొట్టాలుగా విడిపోయింది. ఒక్కో గొట్టంలో నీలాకుపచ్చ దారం, దాని మధ్యన నత్రజని కణాలు గాజుపూసల్లా. గొట్టం పక్కన చీల్చుకుని కొమ్మలు జంటలుగా బయటికొచ్చాయి. అంతవరకూ పుస్తకంలో ఉన్నదే. కానీ ఈ జంట బయటికొచ్చాక విడిపోకుండా మళ్లీ ఒకే తొడుగులో దూరి, ఒకదానికొకటి పెనవేసుకుని పడుకుంది. మూడు పుస్తకాలు తిరగేసినా ఆ పడక ఎక్కడా లేదు. సూక్ష్మదర్శినికి తగిలించిన అద్దంలో చూస్తూ లోవలక్ష్మి ఇరవై రెండు బొమ్మలు గీసింది.

ఆ ముద్దకి ఒక గుణం ఉంది. దాన్ని చూడాలంటే రెండు సూదులతో పీకాలి, వేళ్లతో నొక్కి పట్టాలి. పీకగానే తడిమట్టి వాసన గుప్పున లేస్తుంది. ఎన్ని సబ్బులు రుద్దినా రెండు రోజులు వేళ్లని వదలదు.

విభాగానికి పెద్ద బ్రహ్మచారిగారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న కల్పలత బోయిన్‌పల్లి అమ్మాయి. చురుకైనది, మాట దాచుకోదు. ఆ గోడపాచి మీద ఒక అధ్యాయం రాయమని ఆయన వేసవిలోనే కల్పలతకి చెప్పారు. జన్యువు చదివే పని బయటి ల్యాబులో చేయించేవాళ్లు. శ్రావణంలో నమూనా పంపారు. దసరా ముందు రిపోర్టు వచ్చింది. అది కొమ్మలు వేసే జాతి కానే కాదట. తొడుగు లేదు, నత్రజని కణాలు లేవు. ఊళ్లో ప్రతి పూలకుండీ అడుగునా దొరికే సన్నదారపు పాచితో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు కలిసిందట.

బ్రహ్మచారిగారు ఆ కాగితం పట్టుకుని వెనక గదిలోకి వచ్చారు. పెన్ను టోపీతో చెవిలో తిప్పుకుంటూ నించున్నారు.

"చూశావామ్మా లక్ష్మీ, కళ్లు అబద్ధం చెప్తాయి. జన్యువు చెప్పదు. నువ్వు ఇరవై రెండు బొమ్మలు గీశావు. మిషను ఒక్క కాగితంలో తేల్చేసింది."

"మరి ఆ కొమ్మలేంటండీ? తొడుగు?"

"నీళ్లని బట్టి రూపం మారుతుంది. నువ్వే అంటావు కదా! ఇదే మన పేపరు. రూపాన్ని నమ్మి ఇన్నేళ్లు మోసపోయాం అని." అదే పెన్ను టోపీతో ముప్పై ఏడో సీసాని పక్కకి నెట్టారు. లోవలక్ష్మి చూపు ఆ టోపీ మీదే ఉండిపోయింది. "ఇరవయ్యొకటో తారీకున ఈ గదిలో బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సు షురూ. ముప్పై కంప్యూటర్లు వస్తున్నాయి, ఏసీ పెడుతున్నారు. ఆరోజు ఈ రిపోర్టే నా ఉపన్యాసం. ఈలోగా సీసాలన్నీ ఉడకబెట్టి సింకులో పోసెయ్."

"అన్నీనా అండీ?"

"ఫొటోలు తీసి పెట్టుకో. సీక్వెన్సులుంటాయి. బతికున్నవెందుకు, కంపు!"

ఆయన వెళ్లాక ఆమె ఆ సీసాని స్పిరిటు దూదితో మూడుసార్లు తుడిచింది. అయినా దాన్ని ముట్టుకోవాలంటే ఒళ్లు జలదరించింది, పాచివల్ల కాదు. ఇరవయ్యొకటో తారీకుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఇంటికొచ్చేసరికి ఇంకో సంగతి ఎదురైంది. వెనక గోడ తెల్లగా మెరుస్తోంది. బ్లీచింగ్ పౌడర్ ఘాటు కళ్లల్లో కొడుతోంది. బాలమ్మ చీపురు ఝాడించుకుంటూ నిలబడి ఉంది.

"మీద వాటాల నలుగురు కంపూటర్ పోరగాళ్లు దిగుతున్నరు. వాసనొస్తున్నదని ముక్కులు మూస్కుంటున్నరు. ట్యాంకు సుత బాగ్‌జేయించిన. జెర చూడు, ఎట్ల మెరుస్తుందో!"

"మొత్తం కడిగేశారా?"

"ఇంచు ఇడ్వలే."

లోవలక్ష్మి గోడ దగ్గరికెళ్లి వంగి చూసింది. మూలల్లో, పైపు వెనక, మెట్టు సందులో, ఎక్కడా మచ్చ లేదు. ఆ జంటకొమ్మల పాచి ఆమెకి తెలిసినంతలో ఇప్పుడు లోకంలో ఒక్కచోటే ఉంది. ఇరవయ్యొకటో తారీకుకి అక్కడా ఉండదు. ఆ పూట బాలమ్మ ఇచ్చిన సకినాలు నోట్లో పెట్టుకుంటే బ్లీచింగ్ రుచే తగిలింది.

మర్నాడు కల్పలత జన్యువు చదివిన గ్రాఫు పట్టుకొచ్చింది. కాగితం నిండా నాలుగు రంగుల్లో కొండల వరసలు.

"ఎంత నీట్‌గా వచ్చిందో చూడక్కా! ఒక్క చోట సుత కొండ మీద కొండ ఎక్కలేదు. గింత క్లీన్ రిపోర్ట్ నేను చూళ్లే."

లోవలక్ష్మి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ముప్పై ఏడో సీసా అంత శుభ్రమైనది కాదు. ఏ గోడపాచి సీసా కూడా కాదు. ఆ లావు తొడుగుల జిగురులో సన్నదారపు పాచి ఎప్పుడూ అద్దెకుంటుంది. ముద్దనే పంపి ఉంటే రెండు జీవుల జన్యువులూ ఒకదానిమీద ఒకటి పడి గ్రాఫు గజిబిజిగా రావాలి. ఇంత తేటగా వచ్చిందంటే, బయటి ల్యాబుకి పంపిన గాజు గొట్టంలో అద్దెకున్నది తప్ప అసలు ఇంటివాళ్లు లేనే లేరు.

ఆ గొట్టం నింపిందెవరు?

తనే. శ్రావణంలో ఆ రోజు గుర్తొచ్చింది. అల్వాల్‌లో చెల్లెలి కూతురు తిరుమల నిశ్చితార్థం. ముందురోజు లోవలక్ష్మి రెండు చేతులకీ గోరింటాకు పెట్టించి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని బతిమాలింది. "పెద్దమ్మా, లడ్డూలు నువ్వే వడ్డించాలి. అటువైపందరూ సాఫ్ట్‌వేరోళ్లే. ఈ ఒక్కరోజూ ఆ పాచి కంపు తీసుకురాకే తల్లీ!" అప్పుడందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

తెల్లారి కాలేజీకెళ్లి నమూనా తియ్యాలి. ముద్దలో సూది దించితే వాసన పట్టుకుంటుంది. సీసా అంచున, గాజు మీద, వెలుతురు వైపు ఎగబాకిన పల్చటి పచ్చటి పొర ఉంది. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో! తీగతో తాకితే చాలు, వచ్చేస్తుంది. అదీ ఇదీ ఒకే సీసాలోవే కదా అనుకుంది. తాకింది, గొట్టంలో వేసింది, మూత బిగించింది. గంధం సబ్బుతో చెయ్యి కడుక్కుని పదకొండింటి బస్సెక్కింది. అల్వాల్లో పెళ్లికొడుకు మేనత్త రాజ్యం గారికి లడ్డూ వడ్డిస్తే ఆవిడ "చేతులు భలే పండాయండీ" అంది. అప్పుడు తను గర్వపడింది కూడా.

ఇప్పుడు ఆ పొరలో కొంచెం తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. వట్టి సన్నదారాలు. కొమ్మ లేదు, తొడుగు లేదు, గాజుపూస లేదు. వెలుతురు వైపు ఎగబాకేది ఎప్పుడూ ఇదే. లావుది కదలదు, అడుగున పడి ఉంటుంది. ఇది ఆమెకి తెలియని విషయం కాదు. పదకొండేళ్లుగా కొత్తవాళ్లకి మొదటి రోజు చెప్పే పాఠమే ఇది, "అంచున తియ్యకండి, ముద్దలోనే తియ్యండి" అని.

స్ప్రే వాసనకీ, చూయింగ్ గమ్‌కీ, పెన్ను టోపీకీ తిప్పినట్టు కాదు ఈసారి. సింకు దగ్గరికెళ్లి నిజంగానే కక్కుకుంది. పాచిని చూసి ఛీ అన్నవాళ్లందర్నీ ఇన్నాళ్లూ లోపల్లోపల తిట్టుకుంది. వాళ్లు ఛీ అన్నారు, అంతే. తను ఎవరి ముక్కుల కోసమో మొహమాటపడి, పని తప్పు చేసి, దాన్ని కాగితం ఎక్కించింది. గోరింటాకు ఎర్రదనం గోళ్ల చివర ఇంకా గీతలా మిగిలి ఉంది. కత్తెర తెచ్చి గోళ్లు కత్తిరించేసుకుంది.

ఆ మధ్యాహ్నమే ముద్దలోంచి కొంచెం, అంచు పొరలోంచి కొంచెం తీసి, నత్రజని బొత్తిగా లేని నీళ్లలో విడివిడిగా వేసింది. గాలిలోంచి నత్రజని పట్టుకోగలిగింది బతుకుతుంది, లేనిది పాలిపోతుంది. ఎనిమిది రోజులు చూసింది. అంచు పొర పసుపుపచ్చగా మారి, నానిన కాగితంలా ఊడి, అడుగుకి దిగింది. ముద్ద ఇంకాస్త నల్లబడింది, చుట్టూ కొత్త కొమ్మలు తొడిగింది.

తొమ్మిదో రోజు రెండు సీసాలూ తీసుకుని బ్రహ్మచారిగారి గదికెళ్లింది. చేసిన తప్పు దాచకుండా చెప్పింది. అంతా విని ఆయన లేచి తలుపు వేశారు.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండీ. ముందు మీకే."

"మంచి పని చేశావు. ఇంకెవరికీ చెప్పకు." గొంతు బాగా తగ్గించారు. "ఎవరికి తెలుస్తుందమ్మా? సన్నపాచి ఆ గోడ మీదిదే కదా. రిపోర్టు అబద్ధం కాదు కదా. గది పోయినా నీ ఉద్యోగానికి నేను పూచీ. కంప్యూటర్ల దగ్గర పెట్టిస్తాను. ఏసీలో కూర్చుంటావు."

"మరి ఆ పేరండీ?"

"ఏ పేరు?"

"తప్పు పేరు పెడతాం కదండీ దానికి."

ఆయన నవ్వారు. "దానికేమన్నా బాధా?"

ఆయన చెయ్యి చాచి ఆమె భుజం తట్టబోయారు. లోవలక్ష్మి వెనక్కి జరిగింది. ఆ గదిలోనూ మల్లెపూల స్ప్రే కొట్టి ఉంది.

బయటికొచ్చి నేరుగా కల్పలత బల్ల దగ్గరికెళ్లింది. ఉన్నదున్నట్టు చెప్పింది, గోరింటాకుతో సహా.

కల్పలత మొహం ఎర్రబడింది. "ఏందక్కా గిది? ఆర్నెల్లు! ఆర్నెల్లు దాని మీద రాసిన నేను! నాకు మొదటి రోజు పాఠం చెప్పింది నువ్వే గద? ముద్దల తియ్యాలె అని."

"నేనే."

"లడ్డూల కోసమా?"

"లడ్డూల కోసమే."

"ఛీ!" అంది కల్పలత.

 అది తనకి రావలసిందే అనుకుంది లోవలక్ష్మి. రెండు సీసాలూ బల్ల మీద పెట్టి, సూక్ష్మదర్శిని దీపం వెలిగించి, పక్కకి తప్పుకుంది. కల్పలత కాసేపు అటు తిరిగి కూర్చుంది. తర్వాత కుర్చీ లాక్కుని చూసింది. ముద్దని తనే పీకింది. ఒక్క పీకుడికి మట్టి వాసన గదంతా నిండింది.

"అక్కా," అంది కన్ను తియ్యకుండానే, "గీ జంట మళ్ల లోపటికి పోతుంది! నువ్వు గీసినట్టే ఉన్నది."

"నేను ఊహించి గియ్యను."

"సర్‌కి తెలుసా?"

"తెలుసు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

కల్పలత లేచి చేతులు చున్నీకి తుడుచుకుని ఆయన గదిలోకి వెళ్లింది. ఆ పదిహేను నిమిషాలు బ్రహ్మచారిగారి గదిలో ఏం జరిగిందో తలుపు వేసి ఉండడం వల్ల సగమే వినిపించింది. "థీసిస్ నా పేరు మీద పోతది సర్, మీ పేరు మీద కాదు" అన్నది మాత్రం వరండా చివరి దాకా వినబడింది. మళ్లీ నమూనా పంపాలి. పంపాలంటే పాచి బతికి ఉండాలి. థీసిస్ తేలేదాకా అందులో వాడిన ప్రతి సీసానీ పరీక్షించేవాళ్లు అడిగితే చూపించాలి. అది విశ్వవిద్యాలయం నియమం. కల్పలత ఆ నియమాన్ని కాగితం మీద రాసి, సీసాల నంబర్లు ఒకటి నుంచి నూట పన్నెండు దాకా వేసి, ప్రిన్సిపాల్‌గారి సంతకం కోసం తనే పట్టుకెళ్లింది. నిజానికి ఆమె థీసిస్‌లో వాడినవి పంతొమ్మిదే.

ఇరవయ్యొకటో తారీకున కంప్యూటర్లు వచ్చాయి. బ్రహ్మచారిగారు ఉపన్యాసంలో ఆ రిపోర్టు ఊసెత్తకుండా ఇంకేదో మాట్లాడారు. సీసాల అరల్ని ట్యూబ్‌లైట్లతో సహా మెట్ల కింద సామాన్ల గదిలోకి మార్చారు. కిటికీ లేదు, పక్కనే బాత్రూములు. లోవలక్ష్మి ఇచ్చిన సంజాయిషీ కాగితం ఆమె ఫైల్లోకెళ్లింది. ఇకమీదట నమూనాలు ఆమె తియ్యకూడదని కింద రాశారు. అది చదివి, న్యాయమే అనుకుంది. తియ్యడం కల్పలత తీసింది. ఒక్కొక్క దారాన్నీ ఇరవైసార్లు శుభ్రమైన నీళ్లలో కడిగి వేరుచేసి పెంచడం మాత్రం లోవలక్ష్మి చేసింది, ఎందుకంటే ఆ ఓపిక ఇంకెవరికీ లేదు.

పుష్యంలో రెండో రిపోర్టు వచ్చింది. ఈసారి జన్యువు కొమ్మలు వేసే, నత్రజని పట్టే వాటి గుంపులోనే పడింది. కానీ ఆ గుంపులో పేరున్న దేనితోనూ దగ్గరగా కలవలేదు. ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెప్పారు, ఇది మీకు తెలిసినది కాదు అని. కల్పలత పేరు రాయాల్సిన చోట "ఇంకా తేలలేదు" అని రాసింది. మొదటి నమూనా తప్పని ఒక పేరా పెట్టింది. అందులో తన పేరూ, ఆ నమూనా తీసిన తేదీ వెయ్యమని లోవలక్ష్మి పట్టుబట్టింది.

"గోరింటాకు సంగతి సుత రాయాల్నా?" అంది కల్పలత. ఆర్నెల్ల కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

"రాస్తే రాయి."

రాయలేదు.

మాఘంలో తిరుమల పెళ్లి. ముహూర్తం పదిన్నరకి. ఆరోజే ముప్పై ఏడో సీసాని కొత్త నీళ్లలోకి మార్చాల్సిన రోజు. రేపటికి వాయిదా వెయ్యొచ్చు, ఒక్కరోజుకి అది చావదు. లోవలక్ష్మి తెల్లారి కాలేజీకెళ్లి, మెట్ల కింద గదిలో బల్బు వేసుకుని, ముద్దలో సూదులు దించి, వేళ్లతో నొక్కి పట్టి, పీకి, మార్చింది. మామూలు సబ్బుతో చెయ్యి కడుక్కుని అల్వాల్ బస్సెక్కింది.

పంక్తిలో లడ్డూల పళ్లెం ఆమెకే ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ బంధువులు వరసగా కూర్చున్నారు. రాజ్యం గారి విస్తరి దగ్గర వంగి లడ్డూ వేస్తుంటే ఆవిడ ముక్కు ముడిచి, మొహం కొంచెం వెనక్కి తీసింది.

"ఏటండీ ఈ వాసన?"

పీటల మీంచి తిరుమల భయంగా ఇటే చూస్తోంది.

"పాచండీ," అంది లోవలక్ష్మి. "నా చేతిదే. ఇంకోటి వెయ్యమంటారా?"

ఆవిడ అక్కర్లేదన్నట్టు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. లోవలక్ష్మి పక్క విస్తరికి జరిగింది.